నగ కొనేముందు తేల్చుకోవాల్సినవి: ఏ బంగారం, ఏ రాయి, ఎందుకోసం

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడగానే నగల గురించి అడిగేవాళ్ల ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. 22 క్యారెట్లా 18 క్యారెట్లా, వజ్రాలు పెట్టించాలా పోల్కీ (కోత లేని వజ్రాలు) తీసుకోవాలా, ల్యాబ్‌లో తయారుచేసిన వజ్రం కొంటే నామోషీయా. వీటికి జవాబు చెప్పేముందు నేను ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: ఈ నగ దాచుకోడానికా, వేసుకోడానికా? రెండిటికీ అనే అంటారు అందరూ. ఆ రెండిటికీ కలిపి ఒకే నగ కొన్నవాళ్లే అందరికంటే ఎక్కువ పోగొట్టుకుంటారు, ఎందుకంటే చూడ్డానికి బాగుండే నగకి పెట్టే డబ్బులో మంచి భాగం రాళ్లకీ పనితనానికీ పోతుంది. రేపు అవసరమొచ్చి అమ్మబోతే ఆ భాగాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బ్యాంకులో తాకట్టు పెట్టినా అంతే, విలువ కట్టే అప్రైజర్ రాళ్ల బరువు తీసేసి మిగిలిన బంగారానికే లోను కడతాడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత బంగారానికి అంతగా వర్తించదు గానీ రాళ్లకి మాత్రం అచ్చంగా సరిపోతుంది.

ముందు బిల్లు సంగతి

లెక్క తేలిగ్గా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం, ఇవాళ్టి రేటు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి. రాళ్లు లేని సాదా గాజులు 34 గ్రాములు తీసుకున్నారు, తరుగు, అంటే తయారీలో పోయే బంగారానికీ పనికీ అని వేసేది, 8 శాతం వేశారు. బంగారానికి 3,40,000, తరుగుకి 27,200, దాని మీద 3 శాతం జీఎస్టీ 11,016, మొత్తం 3,78,216. ఇప్పుడు అదే షాపులో ఒక నక్షీ హారం (బొమ్మలు, లతలు చెక్కిన పని) తీసుకోండి. మొత్తం బరువు 40 గ్రాములు, అందులో రాళ్లు 6 గ్రాములు, అంటే బంగారం ఇక్కడా 34 గ్రాములే. పని ఎక్కువ కాబట్టి తరుగు 14 శాతం, అంటే 47,600. రాళ్లకి విడిగా 30,000. జీఎస్టీ 12,528 కలిపితే బిల్లు 4,30,128 అవుతుంది.

మర్నాడే రెండూ అమ్మాల్సి వచ్చిందనుకోండి. రెండిటికీ గట్టిగా వస్తే 3,40,000 వస్తుంది, నిజానికి కరిగింపు పేరుతో ఇంకొంచెం కోస్తారు. గాజుల్లో పోయింది 38 వేలు, హారంలో పోయింది 90 వేలు. హారం కొనొద్దని కాదు. ఆ 90 వేలు అందం కోసం పెడుతున్నానని తెలిసి పెట్టండి, అంతేగానీ "బంగారమే కదా, ఎక్కడికి పోతుంది" అనుకుని పెట్టకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఈ లెక్కలోనే ఉంది. ఆ 6 గ్రాముల రాళ్లని బరువులోంచి తీయకుండా 40 గ్రాములకీ బంగారం రేటు వేస్తే, రంగురాళ్లకి మీరు 60,000 బంగారం ధర కట్టినట్టు, దాని మీద 14 శాతం తరుగు ఇంకో 8,400, పైగా రాళ్ల ధర అని మళ్లీ 30,000. నేను విన్న గొడవల్లో సగం ఇక్కడివే. అందుకే బిల్లులో గ్రాస్ వెయిట్, స్టోన్ వెయిట్, నెట్ వెయిట్ మూడూ వేరువేరుగా రాసి ఉండాలి. వజ్రాలు, రాళ్ల బరువు క్యారెట్లలో రాస్తారు కదా, బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు, ఇది బరువు, 5 క్యారెట్లు ఒక గ్రాము, కాబట్టి 30 క్యారెట్ల రాళ్లంటే 6 గ్రాములు తీయాలి, ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి అక్కడే చూసుకోండి. నల్లపూసల గొలుసుల్లోనూ పూసల బరువు తీశారా లేదా అడగాలి. పచ్చి పని, కుందన్ (మేలిమి బంగారు రేకుతో రాయిని బిగించే పని) నగల్లో లోపల లక్క నింపుతారు, దాని బరువు ఎంతో అడగాలి. ఇవి అడిగితే సేల్స్ అబ్బాయి ముఖం కాస్త మాడ్చుకోవచ్చు, పర్వాలేదు.

తరుగు, మజూరీ (పని కూలి), వీఏ (వాల్యూ అడిషన్) అని ఒక్కో షాపు ఒక్కో పేరు పెడుతుంది. కొన్ని చోట్ల తరుగు తక్కువ అని బోర్డు పెట్టి మజూరీ విడిగా వేస్తారు. పేర్లు వదిలేసి, బిల్లు మొత్తంలోంచి నెట్ బంగారం ధర తీసేస్తే మిగిలేది ఎంత అనేదే చూడండి, రెండు షాపుల్ని పోల్చాలంటే అదొక్కటే పనికొచ్చే లెక్క. తరుగు మీద బేరం ఆడొచ్చు, ఆడాలి కూడా. నెలనెలా కట్టే స్కీములో చేరేవాళ్లు కూడా తరుగు లేదన్న మాట ఏ రకం నగలకి, ఎంత శాతం దాకా అనేది కాగితం మీద చదవండి, చాలాసార్లు మీకు నచ్చిన నక్షీ హారానికి అది వర్తించదు. తెలంగాణలో తులం అంటే పది గ్రాములు, ఆంధ్రలో కాసు అంటే ఎనిమిది, పాత తులం లెక్క 11.66 గ్రాములు, కాబట్టి రెండు వైపుల చుట్టాలు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు గ్రాముల్లోనే మాట్లాడుకోండి.

22, 18, 14

22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం, 18 అంటే 75, 14 అంటే 58.5. 24 క్యారెట్లు మెత్తన, నగకి పనికిరాదు, కాయిన్లకీ బిస్కెట్లకీ అది. దాచుకోవడమే ఉద్దేశమైతే నిజానికి కాయినే అన్నిటికంటే మేలు, తయారీ ఖర్చు తక్కువ. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి రూపు కొనే అలవాటున్న ఇళ్లలో ఈ పని ఏటా కొంచెం కొంచెంగా జరిగిపోతూనే ఉంటుంది.

రాళ్లు లేని గాజులు, గొలుసులు, కాసులపేరు, పుస్తెలతాడు, వడ్డాణం అయితే 22లోనే తీసుకోండి, ఇందులో ఆలోచించేదేం లేదు. ఏ ఊళ్లో అమ్మినా, మార్చుకున్నా ఇబ్బంది ఉండదు. వజ్రాల నగకి మాత్రం 18 మంచిది. 22 మెత్తగా ఉంటుంది కాబట్టి రాయిని పట్టుకునే ముళ్లు వంగుతాయి, దుప్పట్లో, చీర కొంగులో చిక్కుకుని లేస్తాయి, ఒకరోజు చూసుకుంటే రాయి ఉండదు. రోజూ వేసుకునే ఉంగరానికైతే ఈ మాట మరీ గట్టిగా చెప్తాను. కెంపులూ పచ్చలూ బంగారం గట్టు కట్టి లోపల కూర్చోబెట్టే సంప్రదాయ పనికి 22 సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రాయి ముళ్ల మీద ఆధారపడి ఉండదు.

18 తీసుకునేటప్పుడు ఒక్క లెక్క చూసుకోండి. 22 రేటు 10,000 ఉంటే 18 రేటు 8,190 దగ్గర ఉండాలి. దానికంటే బాగా ఎక్కువ చెప్తుంటే ఎందుకని అడగండి. 14 క్యారెట్లు ఇక్కడ ఇంకా అంతగా అలవాటు కాలేదు గానీ అమెరికాలో అదే మామూలు, 10 క్యారెట్లు కూడా అమ్ముతారు. అక్కడున్న పిల్లలు పుట్టినరోజుకి పంపించిన గొలుసు ఇక్కడ మార్చబోతే 58.5 శాతానికే లెక్క కడతారు, అది కూడా సణుగుతూ. గట్టిగా ఉంటుంది, రోజువారీ వాడకానికి భేషుగ్గా పనిచేస్తుంది, దాచుకునే బంగారం మాత్రం కాదు.

హాల్‌మార్క్ గురించి ఇప్పటికే చాలామందికి తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే, ఒక్కో నగకి ఒక్కోటిగా ఇచ్చే హెచ్‌యూఐడీ నంబరు, ఈ మూడూ నగ మీదే ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్ష చేశారు అన్నీ వస్తాయి. నంబరు కొట్టాక వచ్చిన రకం మీ చేతిలో ఉన్న నగతో సరిపోతుందా అని చూడండి, గాజు మీదున్న నంబరు కొడితే ఉంగరం అని వస్తే ఆ షాపులో మాట్లాడేది ఇంకేం లేదు, లేచి వచ్చేయడమే. స్వచ్ఛత తక్కువని తేలితే ఆ తేడా సొమ్ముకి రెట్టింపు, పరీక్ష ఖర్చులతో సహా కట్టాలని నిబంధన ఉంది. ఇకపోతే "కేడీఎం బంగారం అండీ" అని ఇప్పటికీ గర్వంగా చెప్పేవాళ్లున్నారు. కేడీఎం అంటే కాడ్మియంతో అతుకు వేయడం మాత్రమే, అది స్వచ్ఛత గుర్తు కాదు, ఆ పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకి చేటని దాన్ని పక్కన పెట్టేశారు కూడా.

రెండు గ్రాముల లోపు నగలకీ, కుందన్, పోల్కీ, జడావు నగలకీ హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడకకి మినహాయింపు ఉంటే కొంప మునిగేదేం లేదు. పోల్కీ సెట్టు అలా కాదు, లక్షల్లో ఉంటుంది, దానికే ముద్ర అక్కర్లేదు. అందుకే పోల్కీ తెలిసిన షాపులోనే, పూర్తి వివరాలున్న బిల్లుతోనే కొనాలి. అమ్మమ్మగారి నగల మీద ముద్ర లేదని మాత్రం టెన్షన్ పడకండి, ఈ నియమం అమ్మే షాపులకి, మీరు పాత నగలు నిక్షేపంగా మార్చుకోవచ్చు.

తెల్ల లోహాలు

ప్లాటినమా వైట్ గోల్డా అంటే, రోజూ పెట్టుకునే ఉంగరానికి ప్లాటినం, అప్పుడప్పుడు పెట్టుకునేదానికి వైట్ గోల్డ్. వైట్ గోల్డ్ మీద తెల్లటి మెరుపు రోడియం పూతది, వాడేకొద్దీ అది అరిగి కింద పసుపు బయటపడుతుంది, మళ్లీ పూత వేయించాలి. కొన్నిటిలో నికెల్ కలుపుతారు, దురద వచ్చే చర్మమైతే అడిగి తీసుకోండి. ప్లాటినం 95 శాతం స్వచ్ఛంగా వస్తుంది, రంగు మారదు, కాకపోతే ఒకే సైజు ఉంగరానికి బంగారం కంటే ఎక్కువ బరువు తూగుతుంది, తయారీ ఖర్చు ఎక్కువ, తిరిగి కొనే షాపులు చిన్న ఊళ్లలో వెతికినా దొరకవు. దాచుకునేదాంట్లో దాన్ని చేర్చకండి.

వజ్రం: గనిదా, ల్యాబ్‌దా, అసలు వజ్రమేనా

కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరు మనదే, కృష్ణ ఒడ్డున. ఇప్పటికీ తొలకరి పడిందంటే వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో జనం వంగి రాళ్లు ఏరుతూ కనిపిస్తారు. వజ్రం అంటే మనకి అంత మోజు ఉండి కూడా షాపులో వజ్రం కొనడం దగ్గరికొచ్చేసరికి చాలామంది "మంచిదే ఇవ్వండి" అనడంతో సరిపెడతారు.

చూడాల్సినవి నాలుగు: రంగు, లోపలి మచ్చలు, కోత, బరువు. రంగు డి నుంచి మొదలై కిందికి వెళ్లేకొద్దీ పసుపు తిరుగుతుంది. మచ్చలకి ఐఎఫ్, వీవీఎస్, వీఎస్, ఎస్ఐ అని గ్రేడ్లు, ఈ వరుసలో మచ్చలు పెరుగుతూ పోతాయి. మన షాపుల్లో ఈఎఫ్ వీవీఎస్ (ఈ, ఎఫ్ రంగు, వీవీఎస్ గ్రేడు) అనే మాట మంత్రంలా వాడతారు. నా మాట అడిగితే, పసుపు బంగారంలో పొదిగే చిన్న రాళ్లకి జీ, హెచ్ రంగూ వీఎస్ గ్రేడూ సరిపోతాయి, బంగారం పసుపు పక్కన ఆ కాస్త తేడా మామూలు కంటికి కనపడదు. ఆ మిగిలిన డబ్బు కోత మీద పెట్టండి. కోత బాగోకపోతే డి రంగు రాయి కూడా గాజు పెంకులా చచ్చుగా ఉంటుంది.

బరువు దగ్గర జనం బాగా మోసపోతారు, ఎవరూ మోసం చేయకుండానే. బిల్లులో వజ్రాలు మొత్తం ఒక క్యారెట్ అని ఉంటుంది. అది పది సెంట్ల రాళ్లు (సెంటు అంటే క్యారెట్‌లో నూరో వంతు) పది కలిసి ఒక క్యారెట్ కావచ్చు, ఒకే ఒక్క రాయి కావచ్చు. ఒంటి రాయి ధర ఆ పది రాళ్ల ధరకి కొన్ని రెట్లు ఉంటుంది. కాబట్టి ఎన్ని రాళ్లు, ఒక్కోటి ఎన్ని సెంట్లు అని అడగండి. ఇంకో కిటుకు, సరిగ్గా ఒక క్యారెట్ దగ్గర ధర ఒక్కసారిగా ఎగురుతుంది, 90, 95 సెంట్ల రాయి తీసుకుంటే పైనుంచి చూసేవాళ్లకి తేడా తెలీదు, మీ జేబుకి మాత్రం తెలుస్తుంది.

ఏడు రాళ్ల దుద్దులు చేయించుకునేవాళ్లకి ఓపెన్ సెట్టింగా క్లోజ్ సెట్టింగా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. క్లోజ్‌లో రాయి వెనక బంగారం మూసి ఉంటుంది, పాతకాలపు నిండుదనం ఉంటుంది, పెద్దవాళ్లకి అదే ఇష్టం. కానీ రాయి అడుగుభాగం కనపడదు కాబట్టి ఏ రాయి పెట్టారో కొన్నాక చూసుకోలేరు, లోపలికి నూనె, సున్నిపిండి చేరిందంటే మెరుపు చచ్చిపోతుంది, శుభ్రం చేయడమూ కష్టం. ఓపెన్‌లో వెలుతురు వెనకనుంచి కూడా తగిలి రాయి మెరుస్తుంది, పాత మెత్తటి బ్రష్, గోరువెచ్చటి సబ్బునీళ్లతో ఇంట్లోనే కడుక్కోవచ్చు. క్లోజ్ కావాలంటే చేయించండి, రాళ్లు పొదగకముందే చూసి, తూయించి, కాగితం రాయించుకున్నాక చేయించండి.

ల్యాబ్ వజ్రం దొంగ వజ్రం కాదు. అదీ కార్బనే, గట్టిదనం అంతే, మెరుపు అంతే, కంటితోగానీ భూతద్దంతోగానీ తేడా పట్టలేరు, ల్యాబ్‌లో యంత్రం చెప్పాల్సిందే. సూరత్‌లో భారీగా తయారవుతున్నాయి. 2023లో మోదీ అమెరికా వెళ్లినప్పుడు జిల్ బైడెన్‌కి ఇచ్చింది 7.5 క్యారెట్ల ల్యాబ్ వజ్రమే. ధర గని వజ్రం కంటే చాలా తక్కువ, సైజు పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. తయారీ పెరిగేకొద్దీ ధర పడిపోతూ వచ్చింది కాబట్టి, ఇవాళ కొన్న ల్యాబ్ వజ్రానికి రేపు తిరిగి ఏమొస్తుందని మాత్రం అడక్కండి. అలాగని గని వజ్రం పెట్టుబడి అని చెప్పేవాళ్లనీ నమ్మకండి, కొన్న షాపులోనే, వాళ్ల బిల్లుతోనే, వాళ్లు చెప్పినంత తగ్గించుకున్నాకే మార్చుకోవాలి, బయట అమ్మబోతే చుక్కలు కనిపిస్తాయి. నగ వేసుకుని మురిసిపోవడం కోసమే అయితే ల్యాబ్ వజ్రానికే నా ఓటు, ఆ మిగిలిన డబ్బుతో కాయిన్లు కొనుక్కోండి. తరాలుగా దాచుకోవాలి, ఇంటి వజ్రం అని చెప్పుకోవాలి అనే మనసుంటే గని వజ్రం తీసుకోండి, అది లెక్కకి అందే విషయం కాదు. ఏది తీసుకున్నా జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్ సర్టిఫికెట్ ఉండాలి, పెద్ద రాయైతే దాని నడుము మీద లేజర్‌తో చెక్కిన నంబరు ఉందేమో లూప్‌లో (నగల పనివాళ్ల చిన్న భూతద్దం) చూపించమని అడిగి కాగితం మీది నంబరుతో పోల్చుకోవాలి.

మోజనైట్, సీజెడ్ (క్యూబిక్ జిర్కోనియా) వేరు, అవి వజ్రాలే కావు. మోజనైట్ సిలికాన్ కార్బైడ్, గట్టిదే, వజ్రం కంటే కూడా ఎక్కువ రంగులు చిమ్ముతుంది, ఆ ఇంద్రధనుస్సు మరీ ఎక్కువైతేనే అనుమానించాలి. పెన్నులా ఉండే మామూలు డైమండ్ టెస్టర్ వేడి ప్రవాహాన్ని చూసి చెప్తుంది కాబట్టి మోజనైట్‌ని కూడా వజ్రం అనేస్తుంది, కౌంటర్ మీద టెస్టర్ కూత వేసిందని మురిసిపోకండి. సీజెడ్ చౌక, కొన్నాళ్లకి గీతలు పడి మసకబారుతుంది.

పోల్కీ అంటే కోత లేని సహజ వజ్రం, బల్లపరుపుగా ఉంటుంది, వెనక వెండి రేకు పెట్టి కుందన్‌తో బిగిస్తారు. ఆ రేకు మీదే సగం మెరుపు ఆధారపడి ఉంటుంది, నీళ్లూ సెంటూ తగిలితే రేకు నల్లబడుతుంది. ఇప్పుడు మోజనైట్‌తో చేసిన పోల్కీ కూడా విరివిగా వస్తోంది, ఫొటోల్లో తేడా ఏమాత్రం తెలీదు. మోజనైట్ పోల్కీని పోల్కీ ధరకి కొనడం ఎంత సులువో ఆలోచించుకోండి, పైగా హాల్‌మార్క్ కూడా తప్పనిసరి కాదాయె.

కెంపు, పచ్చ, మిగతా రంగురాళ్లు

నక్షీ హారాల్లో, జూకాల్లో కనిపించే కెంపుల్లో ఎక్కువ భాగం తయారుచేసినవే. అందులో తప్పేం లేదు, కెంపుని ల్యాబ్‌లో చేయడం నూరేళ్లు దాటిన విద్య, 1902 నుంచీ ఉంది. తప్పల్లా దాన్ని జాతి కెంపు అని చెప్పి ఆ ధర వేయడంలో ఉంది. సింథటిక్, హైడ్రో, జాతి అని కౌంటర్ దగ్గర మూడు మాటలు వినిపిస్తాయి, మొదటి రెండూ తయారుచేసినవి, జాతి అంటే గనిది. ఏది పెట్టారో బిల్లు మీద రాయించుకోవడం ఒక్కటే మార్గం, కంటికి తెలీదు.

జాతి కెంపు కొనేవాళ్లు రెండు సంగతులు అడగాలి. వేడి చేశారా, గాజు నింపారా. వేడి చేసి రంగు పెంచడం మామూలే, అందరూ ఒప్పుకునేదే, చేయనిదానికి ధర ఎక్కువ. గాజు నింపడం అలా కాదు. పగుళ్లలో సీసపు గాజు నింపి ఎర్రగా నిగనిగలాడేలా చేసిన రాయి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఉంగరం సైజు తగ్గించమని కంసాలికి ఇస్తే మంట తగిలి పాడవుతుంది, ఆమ్లంలో ముంచితే తెల్లటి గీతలు తేలుతాయి. దాని విలువ అసలు కెంపులో ఏ మూలకీ రాదు. బర్మా మోగోక్ కెంపులకి పేరెక్కువ కాబట్టి అందరూ బర్మా అనే చెప్తారు, ఇప్పుడు మార్కెట్లో మొజాంబిక్ నుంచి వచ్చేవి చాలా ఉన్నాయి, అవీ మంచివే, బర్మా ధర మాత్రం పెట్టకండి.

పచ్చ సంగతి వేరు. మచ్చలేని పచ్చ అరుదు, లోపల నాచులాంటి గీతలుంటాయి, అదే దాని సహజత్వం. నల్లగా చీకటిగా కాకుండా నిండు ఆకుపచ్చగా, వెలుతురు లోపలికి పోయేలా ఉందా అనేది చూడండి. పగుళ్లు కప్పడానికి నూనె పట్టిస్తారు, కొలంబియా రాళ్లకైనా జాంబియా రాళ్లకైనా ఇది మామూలే, ఎంత పట్టించారనేదే ధర నిర్ణయిస్తుంది, సర్టిఫికెట్‌లో ఆ మాట ఉంటుంది. పచ్చల నగని వేడినీళ్లలో కడగకూడదు, షాపువాళ్లు ఫ్రీగా క్లీన్ చేస్తామని అల్ట్రాసోనిక్ యంత్రంలో వేస్తుంటే ఆపండి, నూనె పోయి పగుళ్లు బయటపడతాయి. రోజూ పెట్టుకునే ఉంగరానికి పచ్చ వద్దు, కెంపు, నీలం అయితే సరే, అవి రెండూ ఒకే జాతి ఖనిజం, గనిలో దొరికే రాళ్లలో వజ్రం తర్వాత అంతటి గట్టివి.

జాతకం కోసం కనక పుష్యరాగం, గోమేధికం, వైడూర్యం కొనేవాళ్ల నమ్మకం జోలికి నేను పోను. కాకపోతే కనక పుష్యరాగం అని సిట్రిన్ (పసుపు రంగు క్వార్ట్జ్ రాయి) అంటగడతారు, ఆ రెండిటి ధరకీ పొంతన లేదు. రాయి సూచించినవాళ్లే రాయి కూడా అమ్ముతుంటే కొనకండి. సూచన అక్కడ తీసుకుని, రాయి ఇంకోచోట సర్టిఫికెట్‌తో కొనుక్కోండి.

ముత్యాలు, పగడాలు

సముద్రం లేని హైదరాబాద్‌కి ముత్యాల పేరు రావడానికి నిజాములూ, పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చిన బస్రా ముత్యాలూ కారణం. ఇప్పుడు పత్తర్‌గట్టీలో దొరికేవాటిలో చాలావరకు చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి. పెంచినవంటే నకిలీ కాదు, ముత్యపు చిప్ప నిజంగా పూసినవే. నకిలీవి ప్లాస్టిక్‌వీ, గాజువీ. పంటికి మెల్లగా రాసి చూస్తే అసలుది సన్నటి ఇసుకలా గరగరలాడుతుంది, నకిలీది జారిపోతుంది. గుత్తపూసల హారం చేయించేవాళ్లకి మంచినీటి ముత్యాలు చాలు, అక్కడ సైజు చిన్నది, గుత్తులుగా కావాలి. ఒకే వరుసలో పెద్ద గుండ్రటి ముత్యాలు కావాలంటే సౌత్ సీ (సముద్రంలో పెంచే పెద్ద ముత్యాలు) వైపు వెళ్లాలి, ధర కూడా అక్కడికే వెళ్తుంది.

సెంటు, చెమట, హెయిర్ స్ప్రే ముత్యానికి పడవు. అంతా ముస్తాబయ్యాక చివర్లో వేసుకుని, తీశాక మెత్తటి గుడ్డతో తుడిచి విడిగా పెట్టండి. పగడానికీ ఇదే వర్తిస్తుంది. గుచ్చిన దారం వదులైందనిపిస్తే మళ్లీ గుచ్చించండి.

పది లక్షలుంటే నేనైతే

పెళ్లికూతురికి పది లక్షలు అనుకుంటే, ఆరేడు లక్షలు 22 క్యారెట్ల సాదా నగల్లో పెడతాను, గాజులు, ఒక గొలుసు, పుస్తెలతాడు, వీలైతే చిన్న కాసులపేరు. ఇవి దాచుకునేవి, వీటిలో తరుగు ఎంత తగ్గిస్తే అంత లాభం. రెండు లక్షలకి 18 క్యారెట్లలో వజ్రాల దుద్దులూ ఉంగరమూ, ఓపెన్ సెట్టింగ్, ల్యాబ్ రాళ్లు, ఆ అమ్మాయి ఉద్యోగానికి కూడా పెట్టుకెళ్లేలా. అత్తగారి వైపు ల్యాబ్ అంటే ముఖం చిట్లించే రకమైతే అదే డబ్బుకి చిన్నవైనా గని వజ్రాలే తీసుకోండి, రాయి సైజు కంటే ఇంట్లో ప్రశాంతత ఎక్కువ. అమెరికా వెళ్లే అమ్మాయైతే బరువు హారాలు తగ్గించి ఈ భాగం పెంచండి, అక్కడ లాకర్లో పడుకునే వడ్డాణానికి అర్థం లేదు. రెండు లక్షలు, ఆపైన సొమ్ము నగదుగా తీసుకోవడం షాపుకి కుదరదు, పాన్ కార్డు కూడా అడుగుతారు, ముందే సిద్ధం చేసుకోండి. "బిల్లు లేకుండా అయితే జీఎస్టీ తగ్గిస్తాం" అన్నవాళ్ల దగ్గర ఆ 3 శాతం కోసం రేపటి సాక్ష్యం పోగొట్టుకోకండి.

రిసెప్షన్‌కి ఒక్క పూట వేసుకునే భారీ సెట్టు మాత్రం కొనను, లేదా వెండి మీద బంగారు పూత, మోజనైట్ పోల్కీ ఉన్నది తీసుకుంటాను. ఇంకా తక్కువలో కావాలంటే మచిలీపట్నం పక్కన చిలకలపూడి నగలున్నాయి, తరాలుగా చేతి తిరిగిన పని, రెండు గజాల దూరంలో ఎవరూ పట్టుకోలేరు. వీటన్నిటికీ తిరిగి అమ్మే విలువ లేదని ముందే తెలిసి కొంటాం కాబట్టి బాధ లేదు. వన్ గ్రామ్ గోల్డ్ అంటే గ్రాము బంగారం ఉంటుందని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అది పూత నగే. జర్మన్ సిల్వర్‌లో వెండి బొత్తిగా ఉండదు. పూత నగ తీసుకున్నా బిల్లు మీద ఏ లోహం, ఏ రాయి అని రాయించుకోండి, ఎందుకంటే పదేళ్ల తర్వాత లాకర్ తెరిచినప్పుడు ఏది బంగారమో ఏది పూతో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, ఆ బిల్లే చెప్పాలి. రాయడానికి నసిగితే పక్క షాపుకి వెళ్లండి.